నల్లబడని సీసాలు

మా పెద్దమ్మ ఇరవై ఒక్క ఏళ్ళపాటు నెలనెలా ఒకే మాట రాసింది, "లేవు" అని. కింద సంతకం పెట్టింది.

ఆవిడ చమురు బావుల దగ్గర ప్రయోగశాలలో టెక్నీషియన్. ప్రయోగశాల అనగానే గాజు గోడలూ తెల్ల కోట్లూ ఊహించుకోనక్కర్లేదు. ఆఫీసు వెనక, సామాన్ల గోడౌన్‌ను ఆనుకుని ఉన్న రెండు కిటికీల గది అది. పలకలు పరిచిన పొడుగాటి బల్ల, గొలుసుతో గోడకు కట్టేసిన నైట్రోజన్ సిలిండరు, "తినే వస్తువులు పెట్టరాదు" అని కాగితం అంటించిన ఫ్రిజ్, ఆ ఫ్రిజ్ నిండా అందరి టిఫిన్ డబ్బాలు. గోడ మీద పదకొండు బావుల పటం. ఒక్కో బావి కింద లోతు ఎంతో, అడుగున వేడి ఎంతో రాసి ఉంటుంది. తొమ్మిదో నంబరు బావి అన్నిటికన్నా లోతు. రెండున్నర కిలోమీటర్లు, ఎనభై మూడు డిగ్రీలు.

భూమిలోంచి చమురు ఒంటరిగా రాదు. నీళ్ళను వెంటబెట్టుకుని వస్తుంది. ఆ నీళ్ళలో కొన్ని రకాల సూక్ష్మజీవులు ఉంటే ప్రమాదం. మనం గాలి పీల్చినట్టు అవి నీళ్ళలోని గంధక లవణాలను వాడుకుని, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే విషవాయువును వదులుతాయి. అది గొట్టాలను తినేస్తుంది. మోతాదు పెరిగితే మనుషులను నిలబడ్డచోటే పడేస్తుంది. అందుకని ప్రతి బావి నీళ్ళనూ నెలకోసారి పరీక్షించాలి. ఆ పని పెద్దమ్మది.

పరీక్ష చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. బొటనవేలంత సీసాలో లేత పసుపు ద్రవం, నోటికి బిగించిన రబ్బరు బిరడా, అడుగున ఒక చిన్న ఇనప మేకు. బావి నీళ్ళను సిరంజితో కొంచెం అందులోకి ఎక్కించి, వెచ్చగా ఉండే పెట్టెలో ఇరవై ఎనిమిది రోజులు ఉంచాలి. నీళ్ళలో ఆ జీవులుంటే అవి పెరిగి, అవి వదిలే వాయువు ఇనుముతో కలిసి సీసా సిరాబుడ్డిలా నల్లబడుతుంది. నల్లబడకపోతే "లేవు".

పెద్దమ్మ చేతి పని మీద ఎవరికీ అనుమానం ఉండేది కాదు. బావి దగ్గర కుళాయి తిప్పి, పాత నీళ్ళు పోయి కొత్త నీళ్ళు వేడిగా వచ్చేదాకా డబ్బాలోకి వదిలేది. గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా సీసా అంచుదాకా నింపేది. ఆ వేడి గాజుకు చీటీ అంటుకునేది కాదు. అందుకని ఒక ప్లాస్టిక్ బకెట్లో చల్లటి నీళ్ళు తీసుకెళ్ళి, సీసాలను అందులో ముంచి, తువ్వాలుతో ఒత్తి, అప్పుడు చీటీ అంటించి ముత్యాల్లాంటి అక్షరాలతో నంబరూ తేదీ రాసేది. ఆవిడకు ముందున్న టెక్నీషియన్ నేర్పిన పద్ధతి అది. వెచ్చని పెట్టె కూడా ఆయన అప్పగించిందే. ఎక్కడో ప్రసూతి ఆసుపత్రి మూసేస్తే అక్కడినుంచి వచ్చిందట. దాని వేడి పెంచే మర మీద ముప్పై ఏడు డిగ్రీల దగ్గర ఎవరో గోళ్ళ రంగుతో ఎర్రగా గీత గీశారు. "ఆ గీత దాటించకమ్మా" అని చెప్పి ఆయన రిటైరయ్యాడు. పెద్దమ్మ దాటించలేదు.

ఆ ఏడాది నేను పరీక్షలకని వాళ్ళింట్లో ఉండి చదువుకుంటున్నాను. రెండో అంతస్తులో మూడు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన పెదనాన్న బల్ల. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని, ఎదుటివాళ్ళను ఒక్క కన్నుతో చూస్తూ మాట్లాడటం ఆయన అలవాటు. సాయంత్రాలు ఆయనతో చదరంగం ఆడటానికి ముక్కు బాబాయి వచ్చేవాడు.

ముక్కు బాబాయి మాకు చుట్టం కాదు. బావుల దగ్గర మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగి. ఇరవై అడుగుల దూరంనుంచే ఏ గొట్టం కారుతోందో వాసనతో చెప్పేవాడని ఆ పేరు పడింది. పెద్దమ్మను "వదినా" అనేవాడు, పెదనాన్నను "అన్నయ్యా" అనేవాడు, ఓడిపోతుంటే ఇద్దరినీ ఏమీ అనేవాడు కాదు.

ఒక సాయంత్రం ఆయన చదరంగం బల్ల దగ్గర కూర్చోకుండా నేరుగా వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"వదినా, తొమ్మిదో బావి దగ్గర గుడ్డు వాసనొస్తోంది."

"మీటరు ఏమంటోంది?"

"సున్నా అంటోంది. నేను బావి నోటి దగ్గరి గుంటలోకి దిగి వాల్వు మీద వంగితే వస్తోంది. పైకొస్తే లేదు."

"మొన్నటి సీసాలు కూడా శుభ్రంగానే ఉన్నాయయ్యా."

"నీ సీసాలు శుభ్రం, నా ముక్కు శుభ్రం. మరి కంపు ఎవరిది?"

"నీ మేజోళ్ళది" అన్నాడు పెదనాన్న లోపలినుంచి. ముక్కు బాబాయి నవ్వలేదు.

తర్వాతి రెండు నెలల్లో ఆయన మూడుసార్లు తొమ్మిదో బావిని ఆపించాడు. వాసన వచ్చినప్పుడు పని ఆపి అందరినీ దూరంగా పంపే హక్కు అక్కడ ఎవరికైనా ఉంది. మూడుసార్లూ మీటరు పట్టుకుని ఎవరో ఒకరు వచ్చారు, సున్నా చూశారు, బావి మళ్ళీ తెరిచారు. మూడోసారి తర్వాత ఆయన చేతికి కాగితం వచ్చింది. కారణం లేకుండా పని ఆపిస్తున్నందుకు విచారణ, పదహారో తారీకు పదకొండు గంటలకు. తప్పు రుజువైతే బావుల నుంచి తీసి గేటు దగ్గర రిజిస్టరు రాసే పనిలో వేస్తారు. కాగితానికి ఆధారాలు జతచేశారు. మొదటి ఆధారం ప్రయోగశాల రిపోర్టులు: తొమ్మిదో బావిలో అలాంటి వాయువును పుట్టించే జీవులు ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా కనబడలేదు. సంతకం పెద్దమ్మది.

ఆయన ఆ కాగితం తెచ్చి చదరంగం బల్ల మీద పెట్టాడు.

"చూశావా వదినా, నన్ను నువ్వే గేటు దగ్గర కూర్చోబెడుతున్నావు."

"నేనేం చేశానయ్యా! ఉన్నది ఉన్నట్టు రాశాను."

"అదే కదా నా బాధ. నువ్వు అబద్ధం రాసే మనిషివైతే నాకింత భయం ఉండేది కాదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర పెదనాన్న రెండు హాస్యాలాడి, అవి రెండూ నేలపాలయ్యాక ఊరుకున్నాడు.

ఆ వారంలోనే ప్రయోగశాలకు కొత్త ఆఫీసరు వచ్చింది. చాలా చిన్నపిల్ల. మొదటిరోజు పెద్దమ్మను "ఆంటీ" అందట. "ఆంటీని ఇంటి దగ్గర వదిలేసి వచ్చానమ్మా, ఇక్కడ టెక్నీషియన్ని" అని పెద్దమ్మ చెప్పిందట. ఆ పిల్ల గది అంతా తిరిగి చూసి, వెచ్చని పెట్టె దగ్గర ఆగింది.

"ముప్పై ఏడు ఎందుకు పెట్టారు?"

"ఎప్పుడూ అంతేనమ్మా."

"అదే, ఎందుకు?"

ఆఫీసరు మామూలుగా అడిగింది, ఫోను మోగితే వెళ్ళిపోయింది. పెద్దమ్మ మాత్రం అక్కడే నిలబడిపోయింది. ముప్పై ఏడు మనిషి ఒంటి వేడి. పసిపిల్లల వేడి. గోడ మీద పటంలో, రోజూ తను చూసే అక్షరాల్లో, తొమ్మిదో బావి అడుగున ఎనభై మూడు అని ఉంది.

"కుళాయి దగ్గర చెయ్యి కాలేది" అని ఆ సాయంత్రం మాతో అంది. "ఇరవై ఒక్క ఏళ్ళూ కాలింది. ఆ వేడిలో ఏం బతుకుతుందిలే అనుకున్నాను. ఒకవేళ బతికితే? ఆ వేడిలో పుట్టి పెరిగినదాన్ని నేను తెచ్చి చన్నీళ్ళలో ముంచి, చలి అల్మారాలో పెట్టి, 'పెరగవే' అంటే పెరుగుతుందా?"

"ముప్పై ఏడు చలా?" అన్నాన్నేను.

"నిన్ను తీసుకెళ్ళి మంచుగడ్డ మీద కూర్చోబెట్టి పరీక్ష రాయమంటే ఏం రాస్తావు?"

పెదనాన్న కంటి మీది భూతద్దం తీసేశాడు. "అయితే వేడి పెంచి చూడు. గీత దాటితే పెట్టె ఏమైనా పేలుతుందా?"

"అది నలభై అయిదు దాటదు."

వేరే పెట్టె కొనాలంటే అనుమతులకే నెలలు. విచారణకు ఉన్నది పద్దెనిమిది రోజులు. గాజు సామాను కడిగి ఆరబెట్టే ఓవెన్ ఒకటి ప్రయోగశాలలో ఉంది. బీకర్లూ గరాటులూ తప్ప అందులో ఇంకేవీ పెట్టకూడదు. ఆవిడ మర్నాడు తొమ్మిదో బావి దగ్గరికి బకెట్టు లేకుండా వెళ్ళింది. సీసాలను తువ్వాలులో చుట్టి, మూత గట్టిగా ఉన్న వేడి డబ్బాలో పెట్టి, వ్యాను డ్రైవరును తొందరపెట్టి తెచ్చింది. అవే నీళ్ళను ఆరు చిన్న సీసాల్లోకి ఎక్కించింది. మూడు పాత పెట్టెలో, ముప్పై ఏడు దగ్గర. మూడు ఓవెన్లో, బీకర్ల వెనక, ఎనభై మూడు దగ్గర. వాటి పక్కనే బావి నీళ్ళు అసలు కలపని రెండు ఉత్త సీసాలు. వేడికే నల్లబడతాయేమో తెలియాలి కదా.

ఆ రోజులు ఇంట్లో అందరం సీసాల గురించే మాట్లాడుకున్నాం. పెద్దమ్మ గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే పెదనాన్న అడిగేవాడు:

"ఏమన్నాయి నీ పిల్లలు?"

"పసుపుగానే ఉన్నాయి."

"నల్లబడితే ఏం చేస్తావు?"

పెద్దమ్మ ఒకరోజు దానికి తిన్నగా జవాబిచ్చింది. "నల్లబడకపోతే అతను గేటు దగ్గర కూర్చుంటాడు. నల్లబడితే నా ఇరవై ఒక్క ఏళ్ళు చెత్తబుట్టలో కూర్చుంటాయి. ఏం కోరుకోవాలో తెలియడం లేదు."

"అవి నల్లబడితే నువ్వు తెల్లబోతావన్నమాట" అన్నాడు పెదనాన్న. ఆవిడ నవ్వేసింది. చాలారోజులకు నవ్వింది.

పదమూడో రోజు పొద్దున ఓవెన్ తలుపు తీసేసరికి మూడింటిలో రెండు సీసాలు నల్లగా ఉన్నాయి. మేకు కనబడటం లేదు. ఉత్త సీసాలు రెండూ పసుపుగానే ఉన్నాయి. పాత పెట్టెలోవి ఎప్పటిలాగే నిర్మలంగా ఉన్నాయి. పెద్దమ్మ ఓవెన్ తలుపు మూసి, కాసేపు ఆగి, మళ్ళీ తీసి చూసిందట. ఆ తర్వాత ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, అనుమతి లేకుండా తను చేసిందంతా చెప్పింది.

ఆఫీసరు కోప్పడలేదు, సంబరపడనూ లేదు. "ఇది చాలదు" అంది. "నీళ్ళలో ముందే కరిగి ఉన్న వాయువు వేడికి మేకును నల్లబరిచి ఉండొచ్చు. ఈ నల్లటిదాంట్లోంచి ఒక్క చుక్క కొత్త సీసాలో వెయ్యండి. ఉత్త రంగే అయితే అక్కడితో పలచబడిపోతుంది. ప్రాణమైతే పెరిగి మళ్ళీ నిండుతుంది. అందులోంచి ఇంకోదాంట్లో. మూడుసార్లు నిండితే అప్పుడు నమ్ముతాను."

"విచారణ ఇంకో అయిదు రోజుల్లోనమ్మా."

"వాటికి క్యాలెండరు లేదు కదా."

పదహారో తారీకు పొద్దున పెద్దమ్మ ఓవెన్ తీసి చూసింది. చుక్క వేసిన కొత్త సీసా, అంటే రెండోది, పసుపుగానే ఉంది.

విచారణ గదిలో మేనేజరు, ఆయన పక్కన మరో ఇద్దరు. ఎదురుగా ముక్కు బాబాయి, ఇస్త్రీ చొక్కాలో పరాయి మనిషిలా ఉన్నాడట. పెద్దమ్మను పిలిచింది రిపోర్టులు తనవేనని ఒప్పుకోవడానికి. రెండు నిమిషాల పని.

"ఈ సంతకాలు మీవేనా?"

"నావేనండీ."

"ఇందులో ఉన్నదంతా సరైనదేనా?"

"కాదండీ. తప్పు."

"ఏ నెలది?"

"అన్నీ."

మేనేజరు కలం కింద పెట్టాడు. పెద్దమ్మ ఓవెన్ సంగతితో సహా అంతా చెప్పింది. "నేను వెతికింది ముప్పై ఏడు డిగ్రీల దగ్గరండీ. ఆ బావి ఎనభై మూడు. చెట్టెక్కి చేపల కోసం వెతికి, చేపలు లేవని రాసి సంతకం పెట్టాను. ఇరవై ఒక్క ఏళ్ళూ అదే చెట్టు."

"ఇప్పుడు మీ ఓవెన్లో నల్లబడిందే, అది జీవులే అని రుజువైందా?"

"ఇంకా లేదండీ. రెండో సీసా ఇవాళ పొద్దున కూడా నల్లబడలేదు."

"మరి ఏ ధైర్యంతో ఇదంతా చెబుతున్నారు?"

"ఉన్నాయని చెప్పడానికి రాలేదండీ. లేవని చెప్పడం మానుకుంటున్నాను. ఇతని ముక్కు తప్పని తేల్చడానికి మాత్రం నా సంతకం వాడకండి."

పక్కనున్న ఇద్దరిలో ఒకాయన, వాయువు గాలికన్నా బరువైనదనీ, గుంటలో పేరుకుంటుందనీ, మీటరును పైన పట్టుకుని చూస్తే సున్నాయే వస్తుందనీ నెమ్మదిగా అన్నాడట. అది అక్కడ అందరికీ తెలిసిన సంగతే. రిపోర్టుల్లో "లేవు" అని ఉంది కాబట్టి ఎవరూ గుంటలోకి వంగి చూడలేదు. విచారణను నెల వాయిదా వేశారు. అప్పటిదాకా తొమ్మిదో బావి గుంటలోకి మాస్కు లేకుండా ఎవరూ దిగకూడదని, మీటరును గుంట అడుగునే బిగించాలని రాశారు.

బయటికి వచ్చాక ముక్కు బాబాయి కృతజ్ఞతలు చెబుతాడని నేను అనుకున్నాను. ఆయన నాలుగు రోజులు మా ఇంటికి రాలేదు. అయిదో రోజు వచ్చి, కూర్చోకుండానే అన్నాడు:

"నీకు తెలుసా వదినా, రెండు నెలలుగా నేను ఇంట్లో గుడ్లు పగలగొట్టి వాసన చూసుకుంటున్నాను. నా ముక్కు పాడైందేమోనని. మా ఆవిడ డాక్టరు దగ్గరికి పద పదమని పోరింది. ముక్కు డాక్టరు కాదు, తల డాక్టరు."

"తప్పు నాదేనయ్యా."

"నీదే" అన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని, "అన్నయ్యా, పావులు సర్దు" అన్నాడు.

రెండో సీసా ఇరవై ఒకటో తారీకున నల్లబడింది. మూడోది ఆరు రోజులకే. గుంట అడుగున బిగించిన మీటరు కూడా ఆ వారంలోనే మోగింది. అంకె చిన్నదే, కానీ సున్నా కాదు. విచారణ కాగితాన్ని వెనక్కి తీసుకున్నారు. పెద్దమ్మకు మాత్రం ఒక కాగితం వచ్చింది, ఓవెన్‌ను నిషిద్ధమైన పనికి వాడినందుకు మందలిస్తూ. పెదనాన్న దాన్ని శుభలేఖ చదివినట్టు రాగం తీసి చదివాడు.

ఆ జీవులు ఎక్కడివని నేను ఆఫీసరును ఒకసారి అడిగాను, పెద్దమ్మకు క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు. చమురును పైకి నెట్టడానికి బావుల్లోకి పంపే నీళ్ళతో కిందికి దిగాయా, లేక ఆ రాళ్ళ మధ్య మనుషులు పుట్టకముందునుంచీ ఉన్నాయా? "చెప్పలేను" అంది. "అంత లోతున, తిండి తక్కువైనచోట, ఒక్క కణం రెండు కావడానికి ఎన్నో ఏళ్ళు పట్టొచ్చంటారు. కొందరు వందల్లో చెబుతారు." ఆ మాట విని పెద్దమ్మ, "మరి నా ఇరవై ఎనిమిది రోజులు చూసి నవ్వుకుని ఉంటాయి" అంది.

పాత రిపోర్టులన్నిటికీ కలిపి ఒక్క సవరణ ఉత్తరం చాలని ఆఫీసరు చెప్పింది. పెద్దమ్మ వినలేదు. వేడి బావులు నాలుగు, ఒక్కో దానికి ఇరవై ఒక్క ఏళ్ళ ఫైళ్ళు. ప్రతి రిపోర్టులో "లేవు" అన్న మాటను గీతతో కొట్టేసి, "తెలియదు" అని రాసి, దిద్దిన రోజు తేదీ వేసి సంతకం పెడుతూ కూర్చుంది. మూడు వారాలు పట్టింది. "ఉన్నాయి" అని రాయొచ్చు కదా అంటే, "ఆ నీళ్ళు ఎప్పుడో పారబోశాం. వాటి సంగతి ఇక ఎవరికీ తెలియదు" అంది.

ఆ మూడు వారాల్లో ఒక మధ్యాహ్నం ముక్కు బాబాయి డ్యూటీ మారే ముందు ప్రయోగశాలకు వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. మాస్కు మెడలో వేలాడుతోంది. బల్ల మీద పరిచిన ఫైళ్ళను చూశాడు.

"ఒకసారి చూపించు వదినా. నా ఉద్యోగానికి ఎసరు పెట్టినవాళ్ళ మొహం చూడాలి."

పెద్దమ్మ నల్ల సీసాలోంచి చుక్క తీసి గాజు పలక మీద వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఆయన టోపీ తీసి, ఒక కన్ను మూసి వంగాడు.

"చుక్కలు. వంకర చుక్కలు. ఇవేనా?"

"ఇవే."

"కదలడం లేదే. చచ్చాయా?"

"చావలేదేమో. ఈ గది వాటికి చలి."

ఆయన తల ఎత్తకుండా అలాగే చూస్తున్నాడు. ఆ గదిలో ఫ్యాను తిరుగుతున్నా ఆయన చొక్కా వీపున చెమటతో తడిసి ఉంది.

"ఇంత చలిలో పెట్టి చూడటం అన్యాయం వదినా."

"నిన్ను చంపబోయినవయ్యా అవి!"

"నేనెవరో వాటికేం తెలుసు" అన్నాడు. "వాటి ఇంట్లో అవి ఉన్నాయి. గుంటలోకి దిగింది నేను."

బయట వ్యాను హారను మోగింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు. రెండోసారి మోగాక డ్రైవరే గుమ్మం దాకా వచ్చి, "ఏంటి, ఇక్కడే కాపురం పెట్టావా?" అని కేకేశాడు.

"ఆగరా, వస్తున్నా" అన్నాడు ముక్కు బాబాయి. కన్ను మార్చుకుని మళ్ళీ వంగాడు. "నువ్వూ రా. తొమ్మిదో బావి కింద ఎవరుంటారో చూద్దువుగాని."